మెహబూబ్ జాన్ కొట్టిన దెబ్బ

అనకాపల్లి మసీదు వీధిలో మెహబూబ్ జాన్ చేతి దెబ్బ తినని వాళ్ళు తక్కువ. తడి బొగ్గులు అంటగట్టాడని బొగ్గుల బండివాణ్ణి కొట్టింది. కుళాయి దగ్గర వరస తప్పిందని పక్కింటావిడని బిందెతో కొట్టింది. సంతలో వెనక నిలబడి వెకిలిగా నవ్విన పోలీసు జవాను చెంప పగలగొట్టి, స్టేషన్లో ఒక పూట కూచుని వచ్చింది. మనిషి పొట్టి, సన్నం. మణికట్లు మాత్రం మగవాడివిలా ఉండేవి. ఇరవై ఏళ్ళుగా ఖైమా కొట్టిన చేతులవి.

ఆమె ఊరికే అలా తయారు కాలేదు. తండ్రి మాంసం కొట్టు మస్తాన్. ఇంట్లో ఏది దొరికితే దానితో కొట్టేవాడు. పదిహేనో ఏట వంట మేస్త్రీ రహమాన్‌కి ఇచ్చి నిఖా చేశారు. అతనూ కొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకసారి, పొయ్యి ఆరిపోయిందని ఒకసారి, ఏ కారణం లేక ఒకసారి. మూడో ఏడు ఒక మధ్యాహ్నం అతను జుట్టు పట్టుకుని గోడకేసి కొడుతుంటే, ఆమె చేతికి నిప్పుల మీదున్న కబాబులు గుచ్చే ఇనప సీకు తగిలింది. దాన్ని తీసి అతని ముంజేతి మీద వేసి అదిమింది. తోలు కాలిన వాసన వచ్చేదాకా తియ్యలేదు. ఆ రోజు తర్వాత రహమాన్ ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. కొట్టేవాళ్ళని ఎవరూ కొట్టరని మెహబూబ్ జాన్‌కి అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క పాఠంతో చాలా ఏళ్ళు బతికింది.

పిల్లలు కలగలేదు. రహమాన్ తమ్ముడు బాజీని ఆమే పెంచింది. ఆమె కాపురానికి వచ్చేసరికి వాడికి ఐదేళ్ళు, తల్లి లేదు. అన్నం కలిపి పెట్టేది, తినకపోతే వీపు మీద ఒకటిచ్చేది. వాడు పెద్దవాడై అన్నతో పాటు పెళ్ళిళ్ళకి వంటకి పోవడం మొదలుపెట్టాక, నక్కపల్లి వెళ్ళి తనే పిల్లని చూసి వచ్చింది. ఆ పిల్ల జోహరాబీ. పందొమ్మిదేళ్ళు. తోటికోడలికి ఊళ్ళో అందరూ భయపడతారని తెలిసి కూడా భయపడలేదు. "అక్కా, నువ్వు కొట్టే ముందు కళ్ళు సిన్నవి సేత్తావు. అది సూసి పక్కకి తప్పుకుంటే సరిపోద్ది," అని నవ్వేది. మెహబూబ్ జాన్‌కి కోపం వచ్చేది, కోపంలోనే నవ్వు కూడా వచ్చేది.

అరవై మూడో సంవత్సరం అక్టోబరులో బట్టల వర్తకుడు సైదా సాహెబ్ కూతురి నిఖా. వంట రహమాన్‌దే. మెహబూబ్ జాన్, బాజీ, జోహరాబీ ముగ్గురూ పనిలో ఉన్నారు. జోహరాబీకి అప్పటికి మూడో నెల. నెల రోజులుగా ఏం తిన్నా వాంతులే. అందుకని కూచుని చేసే పనులే చెప్పేవారు.

సముద్రంలో వాయుగుండం పట్టి రెండు రోజుల నుంచి వాన. పెళ్ళి రోజు పొద్దుటికి గాలి ఎక్కువైంది. పెరట్లో కట్టిన టార్పాలిన్ ఒక పక్క చిరిగి, గుంజ విరిగి, నీళ్ళు పొయ్యిలోకి దిగాయి. పలావు అప్పటికే దమ్ములో ఉంది కాబట్టి బతికిపోయింది. కబాబులు మాత్రం ఒక్కటీ కాలలేదు. ఖైమా అంతా కలిపి, పళ్ళేల నిండా ముద్దలు చేసి ఉంది.

సైదా సాహెబ్ తడిసిన షేర్వానీతో పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "రహమాన్ బాయ్, పెళ్ళికొడుకు వాళ్ళు విజయనగరం నించి వచ్చేరు. కబాబులు లేకపోతే నా పరువు పోద్ది. ఆ గదిలో ఎట్టుకోండి పొయ్యి!"

గదంటే పెరటి చివర ఉన్న పాత బెల్లం గది. ఆ ఇల్లు ముందు ఒక బెల్లం వర్తకుడిది. వానాకాలంలో బెల్లం చెమ్మ పట్టి కారిపోకుండా, గాలి చొరబడకుండా కట్టించాడు. మూరెడు మందం గోడలు, ఒక తలుపు, దానికి ఎదురుగా అవతలి కొసన ఒక చిన్న కిటికీ, పైన బల్లలతో బిగించిన అటక. రహమాన్, బాజీ పొడుగాటి ఇనప పొయ్యిని చెరో పక్కా పట్టి ఆ గదిలోకి మోశారు. రెండు తట్టల బొగ్గులు పోసి అంటించారు.

మొదట తలుపు తీసే ఉంచారు. ఒక్క విసురు గాలి వచ్చింది. నిప్పురవ్వలు లేచి ఖైమా పళ్ళెంలో పడ్డాయి, బూడిద కళ్ళలో కొట్టింది. జోహరాబీ చీర కొంగు అంటుకుంటే మెహబూబ్ జాన్ అరచేత్తో నలిపి ఆర్పింది.

"తలుపెయ్యండి! కిటికీలో గోనెలు కుక్కండి!" అని అరిచింది.

బాజీ కిటికీ రెక్కలు మూసి, సందుల్లో గోనె సంచులు కుక్కాడు. తలుపు ఎంత వేసినా గాలికి తెరుచుకుంటోంది. లోపల గడియ పెట్టక తప్పలేదు.

"నువ్విక్కడే కూకో," అంది మెహబూబ్ జాన్ జోహరాబీతో, తలుపు పక్కన పీట వేసి. "నేను వచ్చి తడితే గడియ తీ. పళ్ళెం అందుకున్నాక ఎయ్యి. ఇంకేం సెయ్యక్కర్లేదు."

బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. పొగ లేదు. పొగ లేకపోవడమే మంచి బొగ్గుకి గుర్తని రహమాన్ సంతోషించాడు. కబాబులు కాలుతున్న వాసన తప్ప గదిలో ఇంకే వాసనా లేదు. మెహబూబ్ జాన్ కాలిన కబాబులు తీసుకుని వానలో ఇంటివైపు పరిగెత్తడం, ఖాళీ పళ్ళెంతో తిరిగి రావడం. పావుగంటకొకసారి బయటి గాలి తగలడం వల్లే తను బతికానన్న సంగతి ఆమెకి తర్వాత తెలిసింది.

నాలుగో విడత వచ్చినప్పుడు తలుపు తియ్యడం ఆలస్యమైంది. తీశాక చూస్తే జోహరాబీ గోడకి చేరగిలబడి ఉంది.

"అక్కా, తల పగిలిపోతంది. కాళ్ళు రెండూ నావి కానట్టున్నాయి. కాసేపు అరుగు మీద కూకుని వత్తాను."

"అరుగు మీద వాన పడతంది."

"పడనీ. ఈ గదిలో ఉండలేను, అక్కా. ఏదోలా ఉంది." లేచి నిలబడబోయి కాలిన కబాబులున్న పళ్ళెం మీద పడింది. ఇరవై కబాబులు నేలపాలయ్యాయి. ఆ పక్కనే వాంతి చేసుకుంది.

ఇంట్లోంచి సైదా సాహెబ్ కబాబులు, కబాబులని కేకలేస్తున్నాడు. మెహబూబ్ జాన్ నిలువునా తడిసి ఉంది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తనకీ తల దిమ్ముగానే ఉంది. ఆ చిరాకంతా చేతిలోకి వచ్చింది. ఎడమ చెంప మీద ఒక్కటి కొట్టింది. బలంగానే కొట్టింది. గాజు మొన గీరుకుని జోహరాబీ చెవి కింద నెత్తురు గీత పడింది.

"కడుపుతో ఉన్నదానివి నువ్వొక్కదానివేనా లోకంలో? కూకో! గడియెయ్యి!"

జోహరాబీ ఈసారి పక్కకి తప్పుకోలేదు. తోటికోడలి వంక చూసింది. పొయ్యి దగ్గరున్న బాజీ తల తిప్పాడు, కళ్ళు మూతలు పడుతున్నట్టు ఒకసారి రెప్పలాడించి మళ్ళీ సీకుల వైపు తిరిగాడు. గోడవార కూచున్న రహమాన్ కునికిపాట్లు పడుతున్నాడు, ఏదీ చూడలేదు. మెహబూబ్ జాన్ మిగిలిన కబాబులు తీసుకుని బయటికి నడిచింది. వెనక గడియ పడిన చప్పుడైంది.

ఐదోసారి వచ్చి తలుపు తట్టింది. తియ్యలేదు. అరిచింది. కాలితో తన్నింది. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. తలుపు కింద సందులో చూపు పెడితే జోహరాబీ చీర అంచు కనబడింది. పిల్ల తలుపుకి అడ్డంగా పడి ఉంది.

మెహబూబ్ జాన్ కట్టెలు కొట్టే గొడ్డలి తెచ్చి ఎత్తింది. ఎత్తిన గొడ్డలి గాల్లోనే ఆగిపోయింది. తలుపు పగిలితే దెబ్బ అవతలున్న పిల్ల మీదే పడుతుంది. గొడ్డలి పట్టుకుని గది చుట్టూ తిరిగి కిటికీ వైపు పరిగెత్తింది. ఆ అరుపులకి, వంటకి కట్టెలు తోలుకొచ్చి చూరు కింద నిలబడ్డ గవరపాలెం బండి సత్తియ్య వచ్చాడు.

"ఏటైంది అప్పా?"

"లోపల పడిపోయేరు! కొట్టు, కిటికీ కొట్టు!"

సత్తియ్య బండిలో ఉన్న గునపం తెచ్చి కమ్మీల కింద దూర్చి పెళ్ళగించాడు. ఆమె గొడ్డలితో చట్రం నరికింది. చెక్క చీలికలు మొహం మీదకి ఎగిరాయి. మోచెయ్యి కోసుకుపోయింది. కుక్కిన గోనెలు లాగి పారేసి, మనిషి పట్టీ పట్టని ఆ సందులోంచి లోపలికి దూకింది.

పొయ్యి నిండా బొగ్గులు కణకణలాడుతున్నాయి. పొగ లేదు, మంట లేదు, చూడ్డానికి ఏ ఆపదా లేదు. రహమాన్ గోడవార బోర్లా పడి ఉన్నాడు. బాజీ చెయ్యి ఒకటి పొయ్యి అంచు మీద కాలుతోంది, మనిషికి తెలియడం లేదు. ఆమె మొగుడి చంకల కింద చేతులు వేసి కిటికీ దాకా ఈడ్చింది. సత్తియ్య జుట్టూ చొక్కా కలిపి పట్టి బయటికి లాగాడు. తర్వాత బాజీ. అప్పటికి ఆమె మోకాళ్ళు మడతలు పడుతున్నాయి, చెవుల్లో రైలు పోతున్నట్టు హోరు. పాకుతూ తలుపు దగ్గరికి వెళ్ళింది. జోహరాబీని పక్కకి దొర్లించి గడియ లాగింది. తలుపు గాలికి దడాలున తెరుచుకుని ఆమె నుదురు పగలగొట్టింది. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు వానలోకి పడ్డారు.

తలుపుకి అందరికంటే దగ్గరగా కూచున్న పిల్ల అందరికంటే చివర బయటికి వచ్చింది.

పెళ్ళింట్లో గోల లేచింది. కబాబుల్లో విషం కలిసిందని ఎవరో అన్నారు. తిన్నవాళ్ళు గొంతులో వేళ్ళు పెట్టుకుని కక్కుతున్నారు. పెళ్ళికొడుకు మనిషి ఒకడు పలావు డేక్సా తన్నేశాడు. ఇంకొకడు వచ్చి మెహబూబ్ జాన్ జుట్టు పట్టుకుని, "ఏటి కలిపేవే? సెప్పు!" అని తల వెనక్కి విరిచాడు. ఆమె అతని చేతిని ఎముక తగిలేదాకా కొరికింది. వాడు అరుస్తూ వదిలేశాడు. ఆమె జోహరాబీ మొహం మీద వాన పడకుండా వంగి, "లే, లేయే," అని తడుతోంది. పిల్ల చెంపలు గులాబీ రంగులో ఉన్నాయి. నెల రోజుల నుంచి పాలిపోయిన మొహం ఇప్పుడే ఆరోగ్యంతో కళకళలాడుతున్నట్టుంది. ఎడమ చెంప ఎర్రగా. తను కొట్టిన చెంప.

సత్తియ్య బండిలో ముగ్గుర్నీ వేసి ఆస్పత్రికి తోలాడు. మోకాలు లోతు నీళ్ళలో ఎద్దులు నడవలేక నడిచాయి. రహమాన్, బాజీ దారిలో మూలగసాగారు. జోహరాబీ మూలగలేదు.

డాక్టరు నడివయసు మనిషి. జోహరాబీ నాడి చూసి, రెప్పలెత్తి చూసి, దుప్పటి కప్పమన్నాడు. మిగతా ఇద్దరికీ ప్రాణవాయువు పెట్టించాడు. సైదా సాహెబ్ విషం సంగతి ఎత్తితే తల అడ్డంగా ఊపాడు.

"విషం తిండిలో లేదు, గాలిలో ఉంది. బొగ్గు కాలితే ఒక వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట అయితే గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో ఎక్కడికి పోతుంది? మనిషి నెత్తుట్లోకి పోతుంది. ముందు తలనొప్పి, వాంతి, కాళ్ళు పట్టు తప్పడం. అప్పుడే బయటికి వస్తే బతుకుతారు. చూడండి, ఒళ్ళంతా ఎలా ఎర్రబారిందో. అది దాని గుర్తు." ఆయన మెహబూబ్ జాన్ వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి తలనొప్పని గాని, బయటికి వెళ్తానని గాని అందా?"

గదిలో సైదా సాహెబ్ ఉన్నాడు, వీధివాళ్ళు నలుగురున్నారు.

"అనలేదు," అంది మెహబూబ్ జాన్.

"చెవి కింద ఆ గాటేమిటి?"

"తలుపు సెక్క గీరుకుంది, లాగినప్పుడు."

పోలీసులు వచ్చి అదే రాసుకుని పోయారు. జోహరాబీని మర్నాడు మధ్యాహ్నం వానలోనే పాతిపెట్టారు.

బాజీ నాలుగో రోజున ఇంటికి వచ్చాడు. కాలిన చేతికి కట్టు. పోయినదాని కోసం చదివే ఫాతిహాకి వీధివాళ్ళంతా వాకిట్లో కూచుని ఉన్నారు. అతను ఎవరినీ చూడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి వదిన ముందు నిలబడ్డాడు.

"నువ్వు దాన్ని కొట్టేవు."

"లేదు."

"నేను సూసేను, వదినా. బయటికి పోతానంది. కొట్టేవు."

"బొగ్గు గాలికి నీకలాగ తోచింది, బాజీ."

అతను గూట్లోంచి కబాబు సీకు లాగాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మెడ కింద ఎముక మీద. ఎముక విరిగిన చప్పుడు వాకిట్లోకి వినబడింది. మూడోది, నాలుగోది వీపు మీద. మెహబూబ్ జాన్ చెయ్యి ఎత్తలేదు. జీవితంలో మొదటిసారి తల వంచి దెబ్బలు తింది. పడుతున్న ప్రతి దెబ్బా న్యాయమేననిపించింది. కానీ నోరు మాత్రం విప్పలేదు.

మగవాళ్ళు లోపలికి వచ్చి బాజీని పట్టుకున్నారు. అతను పిచ్చెత్తినవాడిలా పెనుగులాడుతుంటే వాకిట్లో గుంజకి కట్టేశారు. తల్లిలా పెంచిన మనిషిని చంపబోయాడని, విషవాయువుకి మతి పోయిందని, కర్రతో కొట్టారు. అన్న రహమాన్ కూడా రెండు కొట్టాడు. "నేను సూసేను! నా కళ్ళతో సూసేను!" అని బాజీ అరుస్తూనే ఉన్నాడు. కొంతసేపటికి గొంతు పోయింది. ఇంకాసేపటికి, "ఏమో, తెల్దు. నాకే అలగ తోచిందేమో," అని ఏడవడం మొదలుపెట్టాడు. మెహబూబ్ జాన్ వంటింటి గడప మీద, విరిగిన ఎముకని రెండో చేత్తో అదిమిపట్టుకుని అంతా చూసింది. ఆ ఏడుపు ఆమెకి సీకు దెబ్బల కంటే గట్టిగా తగిలింది. అప్పుడైనా చెప్పలేదు.

బాజీ ఊరు వదిలి నాతవరం వెళ్ళిపోయాడు. అక్కడ సంతలో మాంసం కొట్టు పెట్టుకున్నాడని విన్నారు. మతి సరిగ్గా లేని మనిషని అక్కడికి కూడా కబురు చేరింది.

పుష్యమాసం చలి మొదలైంది. ఎముక వంకరగానే అతుక్కుంది. సత్తియ్య కూతురు నూకరత్నం పురిటికి వచ్చి ఆడపిల్లని కంది. ఆ రోజు ప్రాణాలు కాపాడిన మనిషి ఇంట్లో శుభం కదా అని, ఒక ఉదయం మెహబూబ్ జాన్ చంటిదానికి చిన్న దుప్పటి తీసుకుని గవరపాలెం వెళ్ళింది.

సత్తియ్య ఇంట్లో లేడు. పెళ్ళాం అప్పలకొండమ్మ అరుగు మీద పసుపు దంచుతోంది. పురిటి గది తలుపు వేసి ఉంది. తలుపు కింద పాత చీర పేలికలు కుక్కి ఉన్నాయి.

"లోపల ఏటెట్టేవు?" అని అడిగింది మెహబూబ్ జాన్.

"కుంపటెట్టినాను, బూబమ్మా. బాలింతకి సలిగాలి తగలకూడదు. పొద్దుటేల నించి తలనొప్పి, తలనొప్పని ఒకటే గోల మా నూకరత్నం గుంట. మొదటి కానుపు కదా, అలగే ఉంటాది."

మెహబూబ్ జాన్ చేతిలోంచి దుప్పటి జారిపోయింది. ఒక్క ఉదుటున తలుపు మీద పడింది. అప్పలకొండమ్మకి ఏం జరుగుతోందో తెలియలేదు. పురిటి గదిలోకి పరాయి మనిషి చొరబడుతోందని మాత్రం తెలిసింది. రోకలి పారేసి వచ్చి కొప్పు పట్టుకుంది.

"ఓలమ్మో! మైలలోకి ఎల్తన్నావేటే! నా కూతుర్ని ఏటి సేద్దారని!"

ఇద్దరూ గుమ్మంలో కలియబడ్డారు. అప్పలకొండమ్మ భారీ మనిషి. మెహబూబ్ జాన్ విరిగి అతికిన ఎముక మీద గుద్దింది. కళ్ళముందు చీకటి కమ్మింది. అయినా ఆమె అప్పలకొండమ్మ పొట్టలో మోకాలితో పొడిచి, తలుపుని భుజంతో తోసి లోపల పడింది. నూకరత్నం మంచం మీద కళ్ళు తేలేసి ఉంది. చంటిది ఏడవడం లేదు. మంచం కింద మట్టి కుంపటి నిండా ఎర్రటి నిప్పులు.

పట్టుకోవడానికి గుడ్డ వెతికే తీరిక లేదు. మెహబూబ్ జాన్ రెండు చేతులతో కుంపటిని ఎత్తింది. అరచేతులు చిటపటలాడాయి. అరుస్తూనే గుమ్మం దాకా మోసి, వాకిట్లోకి విసిరింది. కుంపటి పగిలి నిప్పులు చెల్లాచెదురయ్యాయి. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి చూసేసరికి, ఒక తురకావిడ బాలింతని కాళ్ళు పట్టి బయటికి ఈడుస్తోంది. ఎవరో చీపురు తిరగేసి బాదారు, ఎవరో రాయి విసిరారు. ఆమె వదల్లేదు. బాలింతని అరుగు మీద పడేసి, మళ్ళీ లోపలికి పోయి చంటిదాన్ని తెచ్చి, కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి అది కేరుమంది.

అప్పుడే సత్తియ్య బండితో వచ్చాడు. పగిలిన కుంపటి చూశాడు, తలుపు కింద పేలికలు చూశాడు. ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రాయి పట్టుకున్నవాడి చెయ్యి మెలిపెట్టి రాయి కింద పడేయించాడు.

"ఒగ్గండ్రా! ఆ బెల్లం గదిలో నాను సూసినాను. ఈ మడిసి రాకపోతే నా ఇంట్లో రెండు పేనాలు నేవు!"

అప్పలకొండమ్మ నేల మీద కూలబడి, మెహబూబ్ జాన్ కాళ్ళు పట్టుకుంది. నూకరత్నానికి గాలి తగిలి తెలివొచ్చింది. "అమ్మా, తలుపు తియ్యమని ఎన్నిసార్లు సెప్పినాను. కసురుకున్నావు," అంది నీరసంగా.

చుట్టూ ఉన్నవాళ్ళు మెహబూబ్ జాన్‌ని దేవతని అన్నారు. ఆమె కాలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఈ తల్లి కసిరింది, అంతే. నేను కొట్టాను, అనుకుంది. ఎవరో మజ్జిగ తెచ్చి నోటికి అందిస్తే తాగలేకపోయింది.

రెండు చేతులకీ కట్లతో, మూడో రోజున ఒక్కర్తీ బస్సెక్కి నాతవరం వెళ్ళింది. సంత రోజు కాదు. బాజీ కొట్టు ముందు మొద్దు మీద ఎముకలు కొడుతున్నాడు. చిక్కిపోయి, గడ్డం పెరిగి, ముప్పై ఏళ్ళు రాకుండానే ముసలివాడిలా ఉన్నాడు. వదినని చూసి పని ఆపలేదు.

"నేను కొట్టేను, బాజీ," అందామె.

కత్తి ఆగింది.

"తల పగిలిపోతందంది. బయటికి పోతానంది. సెంప మీద కొట్టి కూకోబెట్టేను. సెవి కింద గీత నా గాజుదే. నువ్వు సూసింది నిజం. నీకు మతి పోలేదు."

అతను కత్తి ఎత్తాడు. ఆమె కదల్లేదు. కత్తి ఆమె మోచేతికి జానెడు దూరంలో మొద్దులో దిగి, పిడి ఊగుతూ నిలిచిపోయింది. అతను రెండు చేతులతో ఆమె మెడ పట్టుకున్నాడు. గొంతు బిగిసింది, కళ్ళు ఉబ్బాయి. పక్క కొట్టువాళ్ళు లేచి వచ్చేలోపల అతనే వదిలేశాడు.

"మూడు నెలలు," అన్నాడు రొప్పుతూ. "మూడు నెలలుగా నన్ను నేనే నమ్మలేదు. జోహరాబీ నా కలలోకొచ్చి, అక్క నన్ను కొట్టిందని సెప్తే, లేదు నాకు పిచ్చి అని దానితో నేనే సెప్పేను. తెలుసా నీకు?"

ఆమె నేల మీద కూచుని దగ్గుతోంది.

"అనకాపల్లొచ్చి అందరి ముందూ సెప్పు," అన్నాడు.

చెప్పింది. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు ముందు, బాజీని గుంజకి కట్టినవాళ్ళంతా ఉండగా, పక్కన బాజీని నిలబెట్టుకుని ఒక్క మాట దాచకుండా చెప్పింది. సైదా సాహెబ్ తల దించుకున్నాడు. "ఆ గదిలో పొయ్యి ఎట్టమన్నది నేనే," అని నెమ్మదిగా అన్నాడు. బాజీని కొట్టిన కర్ర ఎవరిదో వాళ్ళు ముందుకొచ్చి అతని చేతులు పట్టుకున్నారు. రహమాన్ పెళ్ళాం మొహం చూడకుండా వెళ్ళి నలభై రోజులు మసీదులో పడుకున్నాడు. తర్వాత ఇంటికి వచ్చాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత మెహబూబ్ జాన్ ఎవరినీ కొట్టలేదని చెబితే బాగుండును గానీ అది నిజం కాదు. అరచేతులు ముడతలు పడి సీకు పట్టడానికి పనికిరాకపోయినా, మోచేతులు పనిచేసేవి. పూడిమడక రోడ్డులో ఒక హోటలువాడు వానకి బొగ్గుల పొయ్యి లోపల పెట్టి తలుపులు వేస్తే, పొయ్యిని కాలితో తన్ని బయటికి దొర్లించింది, అడ్డొచ్చిన అతన్ని తోసేసింది. పురిటిళ్ళకి పిలవకుండా వెళ్ళి, తలుపుల కింద పేలికలు పీకి పారేసేది. తిట్టేవాళ్ళు తిట్టారు. మరిడమ్మ అనే మంత్రసాని మాత్రం ఆమె మాట విని, కుంపటి ఉన్న గదిలో కిటికీ తెరిచి ఉంచమని ప్రతి ఇంట్లోనూ చెప్పడం మొదలుపెట్టింది.

అరవై ఎనిమిదిలో బాజీ అచ్యుతాపురం పిల్లని మళ్ళీ నిఖా చేసుకున్నాడు. అన్నని పిలిచాడు, వదినని పిలవలేదు. అయినా ఆమె వెళ్ళింది. ఆ మధ్యాహ్నం చిన్న తుంపర పడుతోంది. వీధి అవతల గోడవార నిలబడి పెరట్లోకి తొంగి చూసింది. పొయ్యిలు ఆరుబయటే ఉన్నాయి, పైన రేకులు కప్పి, నాలుగు పక్కలా వదిలేసి ఉంది. వంటవాళ్ళు పక్కల నుంచి కొట్టే జల్లుకి గొడుగులు పట్టుకుని కబాబులు తిప్పుతున్నారు. బాజీ ఆమెని చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని బస్సు కోసం నడిచింది.